లో వోల్టేజి

బిస్కెట్ల డబ్బాలో దొరికింది ఆ టేపు చుట్ట.
బిట్రగుంట రైల్వే ఇన్‌స్టిట్యూట్ బీరువాని
పాత ఇనుము కింద తూకమేసిన రోజు
పెంచల్ ముప్పై రూపాయలకి కొన్నాడు,
టేపు కోసం కాదు, డబ్బా కోసం.
రొయ్యల మేత శాంపిళ్ళు పోసుకోడానికి.

మూత లోపల నీలం సిరా:
డెబ్భై తొమ్మిది, డిసెంబరు ముప్పై ఒకటి.
అంతే. పాట పేరు లేదు.

ఖాజావలికి కావలిలో ఇన్వర్టర్ల షాపు.
చెన్నై నుంచి టేపు మిషను అరువు తెచ్చి
బెల్టు మార్చి, చుక్క నూనె వేసి తిప్పాడు.
ముందు బూజు చప్పుడు.
ఎవరో ఇంగ్లీషులో దగ్గి
తెలుగులో తిట్టి
వన్, టూ అన్నారు.

గిటారుకి గొంతులో చద్దిముద్ద అడ్డం పడింది,
మింగలేక కక్కలేక వావ్ వావ్ మంటోంది.
ఎలక్ట్రిక్ పియానో
ఇత్తడి గిన్నెలో గోళీలు దొర్లిస్తోంది.
కింద బేసు.
నేనూ బేసు దాన్నే కాబట్టి చెప్తున్నా,
ఆ మనిషి తీగని మీటలేదు.
బొటనవేలితో చెంప మీద కొట్టాడు,
కొట్టి వెంటనే ఓదార్చాడు.

మేం ముగ్గురం పుట్టడానికి ఇరవయ్యేళ్ళ ముందు
మా రైలుపేటలో
బొగ్గు మసి కడుక్కున్న చేతులు ఇట్లా వాయించాయా!

మూడు నెలలు ఆ పదకొండు నిమిషాలే.
పెంచల్‌కి డ్రమ్ము లెక్క కుదరక
అల్లూరు గుంటల గట్టున
ఏరియేటర్ల తెడ్లు నీళ్ళని కొట్టే వరస వింటూ
తెల్లార్లూ తొడ మీద దరువేసుకున్నాడు.

అన్నిటికన్నా కష్టం ఏడో నిమిషం.
అక్కడ పాట మొత్తం ఒక్కసారిగా పైకి లేస్తుంది,
మెట్లెక్కినట్టు కాదు, పాలు పొంగినట్టు.
వేగమూ పెరుగుతుంది.
మళ్ళీ ఎవరో నీళ్ళు చిలకరించినట్టు దిగిపోతుంది.
ఖాజావలి దాని మీద నాలుగు పేజీలు రాశాడు.
నేను ఆ ముప్పై సెకన్ల జారుడు కోసం
నా బేసు మెట్లన్నీ పటకారుతో పీకేశాను.
అప్పటికింకా మూడు వాయిదాలు కట్టాల్సి ఉంది.

ఆ బృందంలో మిగిలింది ఒక్కడే,
స్టీమింజను ఫైర్‌మన్ మాలకొండయ్య. డ్రమ్ములు.
ఎనభై నాలుగేళ్ళు. బోగోలులో కూతురి దగ్గర.
ఫోను చెవికి ఆనించుకుని
కళ్ళు మూసుకుని విన్నాడు.
ఏడో నిమిషంలో పొట్ట పట్టుకు నవ్వాడు.

"ఓరి మీ అసాధ్యం కూలా!
పొంగడమేందబ్బయా, అది లో వోల్టేజి.
షెడ్డులో పెద్ద మోటారేసినారు, హాల్లో కరెంటు కుంగింది.
మేం మామూలుగానే కొడతా ఉన్నాం.
మిషనే నీరసంగా తిరిగి మమ్మల్ని పట్టుకుంది.
ఇప్పుడు మీరు సరిగ్గా తిప్పేసరికి
మేం పైకి లేస్తా ఉండాం."

ఖాజావలి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.
రోజుకి పదిమంది చెప్పే కంప్లెయింటే గదా అది!

"బల్బులన్నీ ఎర్రబడినాయి అమ్మణ్ణీ,"
నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు.
"ఆ ఎరుపులో హిగ్గిన్స్ గార్డు మొహం
ఇంజను పొయ్యి తలుపు తీసినప్పటి మాదిరుండాది.
చీకటై పోతుందేమోనని
ఒకరి మొహాలొకరం చూసుకుంటా వాయించాం."

లాప్‌టాప్‌లో ఒక్క మీట నొక్కితే సరైపోయింది.
విన్నాం.
పదకొండు నిమిషాలూ ఒకే ఎత్తు, కొత్త హైవేలాగా.
ఎవరం ఏమీ అనలేదు.
పెంచల్ మాత్రం "నిద్దరొస్తాంది" అన్నాడు.
నేను మెట్లు లేని నా బేసు వంక చూసుకున్నాను.

కావలిలో కచేరీ. నలభై కుర్చీలు, ఇరవయ్యారు మంది,
అందులో ఇద్దరు ఏసీ కోసం వచ్చినవాళ్ళు.
తాత రెండో వరసలో, ఇస్త్రీ చొక్కా.
కరెంటు నిలకడగా ఉంది.

ఏడో నిమిషం.
ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకుని
లేచాం.

మాలకొండయ్య తాత తలెత్తి
ట్యూబులైటు వంక చూశాడు.